హెచ్.ఎం.ఎ.ఎస్. నిజాం

హెచ్.ఎం.ఎ.ఎస్. నిజాం రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి ఒక డిస్ట్రాయరు తరగతి యుద్ధనౌక. హైదరాబాదు సంస్థానాధీశుడు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిషు ప్రభుత్వపు యుద్ధ ప్రయత్నానికి చేసిన ఆర్థిక సహాయానికి గుర్తింపుగా దీనికి ఈ పేరు పెట్టబడినది. స్కాట్లండులో తయారై, బ్రిటిషు రాయల్ నేవీ ఆస్తిగా ఉంటూ, ఆస్ట్రేలియా నావికుల చేతిలో నడచిన ఈ నౌక 1941 జనవరి నుండి 1945 అక్టోబరు వరకు మధ్యధరా సముద్రంలోను, హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలోను పనిచేసినది. 1941 నవంబరులో బర్హాం అనే బ్రిటిషు బాటిల్‌షిప్పు మునిగినప్పుడు చెంతనే ఉండి నావికులను నీటి నుండి పైకి తీసినది. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగిన సమయంలో టోక్యో అఖాతంలో ఉన్నది. సముద్రతీరం లేని హైదరాబాదు రాజ్యపు పాలకుని బిరుదు సముద్రాలపై తిరిగిన నౌకకు పేరు కావడం విశేషం.

పేరు వెనుక చరిత్ర

హైదరాబాదు రాజ్యానికి ఒకప్పుడు తీరం ఉండేది. శ్రీకాకుళం నుండి గుంటూరు వరకు విస్తరించిన ఉత్తర సర్కారులు నిజాము ఏలుబడిలోనివే. 1766 నాటి సంధితో ఇవి ఈస్టిండియా కంపెనీకి దక్కినవి. అటుపిమ్మట 1802లో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం మచిలీపట్నం రేవును వాడుకొనే హక్కు నిజాముకు కాగితంపై మిగిలినది. రేవును తిరిగి సంపాదించాలన్న కోరిక హైదరాబాదు పాలకులను 1947 వరకు వదలలేదు. కాబట్టి 1940లో నిజాము పేరిట నౌక జలప్రవేశం చేసేనాటికి, ఆ నౌకను నిలుపుకొనే గజం తీరం కూడ ఆయనకు లేదు.

ఏడవ నిజాము మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిషువారికి ధారాళంగా ధనసహాయం చేసినాడు. ఆ యుద్ధం ముగిసే సంవత్సరం, 1918లో, ఆయనకు బ్రిటిషు ప్రభుత్వం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అన్న బిరుదు ఇచ్చినది. అదే సంవత్సరం ఆయన ఇచ్చిన విమానాలతో యుద్ధంలోకి దిగిన 110వ వైమానిక స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు పెట్టబడినది. రెండవ ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్సుకు చెందిన 152వ, 253వ స్క్వాడ్రనులు కూడ ఆ పేరును ధరించినవి. 1940లో ఇంగ్లండు గగనతలంలో జర్మను విమానాలతో పోరాడిన 152వ స్క్వాడ్రను చిహ్నంలో నిజాము తలపాగా ఉండేది. ఆ వరుసలో సముద్రంపై నిలచిన పేరు 'నిజాం' నౌకది.

ఈ దానాలను రాజభక్తిగా మాత్రమే చూడడం సరికాదు. బ్రిటిషు ప్రభుత్వంతో మైత్రి తన సింహాసనానికి రక్షణ అని నిజాము నమ్మినాడు. బేరారు ప్రాంతాన్ని తిరిగి పొందాలన్న ఆశ కూడ ఆయనకు చాలాకాలం ఉన్నది. మరొకవైపు, ఖజానాకు చేరిన ధనం రాజ్యంలోని రైతుల భూమిశిస్తు నుండి వచ్చినదే. నేటి చేవెళ్ళ, మొయినాబాదు మండలాల గ్రామాలు ఆనాడు రాజధానికి పడమట ఉన్న మెట్ట పల్లెలు. ఆ పల్లెల రైతులు క్లైడ్ నదిని గాని, క్రీటు ద్వీపాన్ని గాని విని ఉండరు. అయినను శిస్తు కట్టిన ప్రతి ఇంటికీ ఆ నౌకలో అణువంత పాలు ఉన్నట్లే. ఏడవ నిజాము పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ నిలచి ఉన్నది మూసీ నదిపై 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ జలాశయానికి. గండిపేట చెరువుగా ప్రసిద్ధమైన దీని పేరు అందరికీ తెలుసు. నౌక సంగతి తెలిసినవారు అరుదు.

బాటిల్‌షిప్పు, డిస్ట్రాయరు

తెలుగులో యుద్ధనౌక అన్న ఒకే మాటను అన్నిరకాల నౌకలకూ వాడుతున్నందువలన విద్యార్థులకు కొంత గందరగోళం కలుగుతుంది. వీటిలో అన్నిటికంటె పెద్దది బాటిల్‌షిప్పు. అడుగుమందం దాటిన ఉక్కు కవచం, పదిహేను అంగుళాల వ్యాసం గల గుండ్లను పదిమైళ్ళకు పైగా విసిరే ఫిరంగులు, వేయిమంది నావికులు దీని లక్షణాలు. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే నౌకను తయారు చేసిన తరువాత జర్మనీ, అమెరికా, జపాను మొదలైన దేశాలు పోటీపడి ఇటువంటి నౌకలను కట్టినవి. ఒక దేశపు బలాన్ని దాని బాటిల్‌షిప్పుల సంఖ్యతో లెక్కించే కాలం అది. 1922 వాషింగ్టన్ ఒప్పందంలో ఏ దేశం ఎన్ని టన్నుల బాటిల్‌షిప్పులు ఉంచుకోవచ్చునో నిర్ణయించుకొన్నారంటే వాటి ప్రాధాన్యం అర్థమవుతుంది.

డిస్ట్రాయరు ఇందుకు భిన్నం. చిన్నది, పలుచని రేకుది, వేగం ఎక్కువది. టార్పెడోలతో వచ్చే చిన్న పడవలను తరిమికొట్టి పెద్ద నౌకలను కాపాడడానికి పందొమ్మిదవ శతాబ్దం చివర ఇది పుట్టినది. జలాంతర్గాములు వచ్చిన తరువాత వాటిని వేటాడే పని కూడ దీనిపైనే పడినది. పెద్దనౌక చుట్టూ డిస్ట్రాయర్లు వలయంగా నడవడం ఆనవాయితీ. ఊరేగింపులో ఏనుగు చుట్టూ నడచే భటులవంటివి ఇవి.

వలస రాజ్యాల ధనంతో యుద్ధనౌకలు కట్టించడం బ్రిటిషువారికి కొత్త కాదు. మలయా రాష్ట్రాల సొమ్ముతో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మలయా అనే బాటిల్‌షిప్పు తయారైనది. అది 1916లో జట్లండు యుద్ధంలో పాల్గొన్నది. బర్హాం దీనికి సోదర నౌక.

నిర్మాణం

నిజాం నౌకను స్కాట్లండులో క్లైడ్ నది ఒడ్డున ఉన్న క్లైడ్‌బ్యాంకు పట్టణంలో జాన్ బ్రౌన్ కంపెనీ నిర్మించినది. 1939 జూలై 27న పని ప్రారంభమైనది. 1940 జూలై 4న జలప్రవేశం, 1941 జనవరి 8న సేవాప్రవేశం జరిగినవి. ఆంగ్ల అక్షరం 'ఎన్'తో పేర్లు మొదలయ్యే ఎనిమిది డిస్ట్రాయర్ల తరగతిలో ఇది ఒకటి. వీటిలో నేపియర్, నెస్టర్, నిజాం, నార్మన్, నేపాల్ అనే ఐదు ఆస్ట్రేలియాకు, ఒకటి పోలండుకు, రెండు నెదర్లాండ్సుకు అప్పగింపబడినవి. పోలండు నావికులు నడిపిన పియోరున్ 1941 మే నెలలో జర్మను బాటిల్‌షిప్పు బిస్మార్క్‌కు ఎదురుపడి, దానితో కాల్పులకు దిగి ప్రసిద్ధికెక్కినది.

నౌక పొడవు సుమారు 108 మీటర్లు. ఆవిరి టర్బైన్ల శక్తి 40,000 అశ్వశక్తి, గరిష్ఠ వేగం 36 నాట్లు, అనగా గంటకు 66 కిలోమీటర్లకు పైన. 4.7 అంగుళాల ఫిరంగులు ఆరు, రెండేసి చొప్పున మూడుచోట్ల అమర్చబడినవి. వీటితోపాటు విమానాలపై కాల్చే తుపాకులు, టార్పెడో గొట్టాలు, జలాంతర్గాములపై వేసే డెప్త్ చార్జి బాంబులు ఉండేవి. నావికులు రెండు వందల పైచిలుకు. మొదటి కెప్టెన్ ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ మాక్స్ క్లార్క్. నౌక బయలుదేరిన రెండు నెలలకు, 1941 మార్చిలో, జర్మను విమానాలు క్లైడ్‌బ్యాంకు పట్టణాన్ని రెండు రాత్రులు బాంబులతో ధ్వంసం చేసినవి.

క్రీటు ద్వీపం

1941 మే 20న జర్మను సైన్యం పారాచూట్లతో గ్రీసుకు చెందిన క్రీటు ద్వీపంపై దిగినది. సముద్రం బ్రిటిషువారి చేతిలో ఉన్నా ఆకాశం జర్మనులది. ఈ ఒక్క కారణం వలన కొద్దిరోజులలోనే బ్రిటిషు మధ్యధరా నౌకాదళం గ్లౌసెస్టర్, ఫిజీ, కలకత్తా అనే మూడు క్రూయిజర్లను, ఆరు డిస్ట్రాయర్లను పోగొట్టుకొన్నది. వార్‌స్పైట్, బర్హాం వంటి బాటిల్‌షిప్పులు బాంబు దెబ్బలు తిన్నవి.

మే 26 రాత్రి అబ్దియెల్, హీరో నౌకలతో కలసి నిజాం సూదా అఖాతానికి వెళ్ళి 750 మంది కమాండోలను దింపి, గాయపడినవారితో సహా 930 మందిని వెనుకకు తెచ్చినది. కాని ద్వీపం దక్కదని అప్పటికే తేలిపోయినది. దక్షిణ తీరంలో స్ఫాకియా అనే చిన్న పల్లెకు కొండదారిన నడచి వచ్చిన సైనికులను రాత్రిపూట పడవలలో ఎక్కించుకొని, తెల్లవారక ముందే బయలుదేరి, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు చేర్చడం తరువాతి పని. మే 28 రాత్రి నాలుగు డిస్ట్రాయర్లు వెళ్ళినవి. మే 30న తిరిగి నాలుగు బయలుదేరగా ఒకటి యంత్రలోపం వలన, మరొకటి బాంబు దెబ్బ వలన వెనుదిరిగినవి. మిగిలిన నేపియర్, నిజాం రెండే ఆ రాత్రి సుమారు 1,400 మందిని ఎక్కించుకొన్నవి. రెండు వందల పైచిలుకు మనుషుల కోసం కట్టిన నౌకలో ఏడు వందల సైనికులు అదనం! తిరుగు ప్రయాణంలో విమానదాడి జరిగినా రెండూ గమ్యం చేరినవి. ద్వీపం నుండి మొత్తం పదహారు వేలకు పైగా సైనికులు బయటపడినారు. వేలాదిమంది తీరంలోనే మిగిలి బందీలైనారు.

టోబ్రుక్ రేవు

లిబియాలోని టోబ్రుక్ పట్టణాన్ని జర్మను, ఇటలీ సేనలు 1941 ఏప్రిల్ నుండి నవంబరు వరకు ముట్టడించినవి. లోపల ఉన్నది ఎక్కువగా ఆస్ట్రేలియా సైనికులు. భారత సైన్యానికి చెందిన 18వ అశ్విక దళం కూడ వారితో ఉన్నది. ఈ దళానికి ఆహారం, మందుగుండు సముద్రం మీదుగా మాత్రమే చేరేవి. అలెగ్జాండ్రియాలో సరుకు నింపుకొని డిస్ట్రాయర్లు చీకటి రాత్రులలో టోబ్రుక్ చేరి, సరుకు దించి, గాయపడినవారిని ఎక్కించుకొని తెల్లవారేలోపు విమానాల పరిధి దాటవలసి ఉండేది. నావికులు దీనిని 'టోబ్రుక్ ఫెర్రీ' అని పిలిచేవారు. నిజాం ఈ ప్రయాణాలు పలుమార్లు చేసినది. సిరియాపై జరిగిన చర్యలో కూడ పాల్గొన్నది.

బర్హాం మునక

1941 నవంబరు 25 సాయంకాలం క్వీన్ ఎలిజబెత్, బర్హాం, వేలియంట్ అనే మూడు బాటిల్‌షిప్పులు ఎనిమిది డిస్ట్రాయర్ల రక్షణలో ఈజిప్టు, లిబియా తీరానికి ఉత్తరాన ప్రయాణిస్తున్నవి. ఆ డిస్ట్రాయర్లలో నిజాం ఒకటి. హాన్స్ డీట్రిచ్ ఫన్ టీసెన్‌హౌసెన్ నాయకత్వంలోని యు-331 అనే జర్మను జలాంతర్గామి డిస్ట్రాయర్ల వలయాన్ని దాటి లోపలికి చొరబడి, అతి దగ్గర నుండి టార్పెడోలు విడిచినది. మూడు టార్పెడోలు బర్హాంకు తగిలినవి. నౌక ఒక ప్రక్కకు ఒరిగినది. నావికులు ఒరిగిన ప్రక్కభాగం మీదికి ఎగబ్రాకుతుండగా లోపలి మందుగుండు గది ప్రేలి, పెద్ద నల్లని పొగమేఘంతో నౌక కనుమరుగైనది. టార్పెడోలు తగిలినప్పటి నుండి ఇదంతా జరగడానికి పట్టినది నాలుగైదు నిమిషాలు.

చనిపోయినవారు 862 మంది. బ్రతికినవారిలో అత్యధికులను హాట్‌స్పర్, నిజాం అనే రెండు డిస్ట్రాయర్లు నీటి నుండి తీసినవి. చమురు తెట్టు కప్పిన నీటిలో మనుషులను వెదకి తీయడం, అందులోను దాడిచేసిన జలాంతర్గామి ఇంకా ఎక్కడ పొంచి ఉన్నదో తెలియని వేళ నౌకను ఆపి ఉంచడం ఎంత కష్టమో ఊహించవచ్చును. వేలియంట్ నౌకపై నుండి ఒక వార్తాచిత్ర ఛాయాగ్రాహకుడు ఈ మునకను చిత్రించినాడు. ఒక బాటిల్‌షిప్పు చివరి క్షణాలు చలనచిత్రంగా మిగలడం అరుదు. ఇరవయ్యవ శతాబ్దపు యుద్ధాల గురించిన చిత్రాలలో ఇది నేటికీ తరచు కనిపిస్తుంది. ప్రజలు ధైర్యం కోల్పోతారని, శత్రువుకు తెలిసిపోతుందని ఈ వార్తను బ్రిటిషు ప్రభుత్వం 1942 జనవరి 27 వరకు దాచి ఉంచినది. మృతుల కుటుంబాలకు లేఖలు వ్రాసి, బయట చెప్పవద్దని కోరినది.

గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. బర్హాం కూడ క్లైడ్‌బ్యాంకులో జాన్ బ్రౌన్ కంపెనీ చేసినదే. అదే కంపెనీ తయారుచేసిన రిపల్స్ అనే మరొక పెద్ద నౌకను, దానితోపాటు సరికొత్త బాటిల్‌షిప్పు ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ను రెండు వారాల తరువాత, 1941 డిసెంబరు 10న, మలయా తీరంలో జపాను విమానాలు ముంచినవి. ఆ ఒక్కరోజు 840 మంది చనిపోయినారు. మరి తొమ్మిది రోజులకు అలెగ్జాండ్రియా రేవులోనే నిలచి ఉన్న క్వీన్ ఎలిజబెత్, వేలియంట్ నౌకల అడుగున ఆరుగురు ఇటలీ ఈతగాళ్ళు బాంబులు అమర్చి వాటిని పనికిరాకుండ చేసినారు. ఈ విధంగా ఒక నెలలోపల బ్రిటన్ ఐదు మహానౌకల సేవలు కోల్పోయినది. వీటిలో ఒక్కటి కూడ మరొక బాటిల్‌షిప్పు ఫిరంగికి గురికాలేదు. ముప్పయి వేల టన్నుల ఉక్కు కొండను జలాంతర్గామి, విమానం, చివరకు ఈతగాడు కూడ కూల్చగలరని తేలిన నెల అది.

హిందూ మహాసముద్రం - తెలుగు తీరం

1942 జనవరిలో నిజాం, నేపియర్, నెస్టర్‌లతో కలసి ఇండోమిటబుల్ అనే విమానవాహక నౌకకు రక్షణగా వెళ్ళినది. ఆ నౌక జావా, సింగపూరుల రక్షణకు హరికేన్ యుద్ధవిమానాలను తీసుకొని పోయినది. సింగపూరు ఫిబ్రవరిలో జపాను వశమైనది. బ్రిటిషువారు హిందూ మహాసముద్రంలో ఈస్టర్న్ ఫ్లీట్ పేరుతో కొత్త నౌకాదళాన్ని సమకూర్చుకొన్నారు.

ఈ దళానికి అధిపతి అడ్మిరల్ జేమ్స్ సోమర్‌విల్. ఆయన వద్ద బాటిల్‌షిప్పులు ఐదు. అందులో నాలుగు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నెమ్మది నౌకలు. ఎదుట వచ్చిన జపాను అడ్మిరల్ నగుమో వద్ద నాలుగు బాటిల్‌షిప్పులు, ఐదు విమానవాహక నౌకలు ఉన్నవి. లెక్కకు బాటిల్‌షిప్పులలో బ్రిటిషువారిదే పైచేయి. అయితే నిర్ణయం చేసినవి విమానాలు. 1942 ఏప్రిల్ 5న కొలంబోపై దాడి జరిగినది. అదేరోజు డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే క్రూయిజర్లు, 9వ తేదీన ట్రింకోమలీ సమీపంలో విమానవాహక నౌక హెర్మిస్ మునిగినవి. సోమర్‌విల్ నెమ్మది బాటిల్‌షిప్పులను ఆఫ్రికా తీరంలోని కిలిండిని రేవుకు పంపివేసినాడు. బంగాళాఖాతం కాపలా లేనిదైనది.

ఆ ఖాళీలోనికి అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో మరొక జపాను దళం ప్రవేశించినది. ఏప్రిల్ 6న ఈ దళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు వేసినవి. విశాఖ రేవులో ఉన్న ఆంగ్లో-కెనడియన్ అనే సరుకు నౌక దెబ్బతిన్నది. అదే సమయంలో క్రూయిజర్లు మూడు గుంపులుగా విడిపోయి తీరం వెంబడి ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచినవి. తెలుగువారి ఊళ్ళపై రెండవ ప్రపంచ యుద్ధం నేరుగా పడిన రోజు ఇది. పట్టణాల నుండి జనం మూటాముల్లెతో లోపలి ఊళ్ళకు తరలిపోయినారు. మద్రాసు ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని లోపలి పట్టణాలకు మారినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు యుద్ధకాలంలో వాల్తేరు నుండి గుంటూరుకు తరలినది. ఆనాడు జపానువారు వేసిన ఒక బాంబు గుల్లను విశాఖ మ్యూజియంలో చూడవచ్చును.

అంతకు ఇరవై ఎనిమిది ఏళ్ళ పూర్వం, 1914 సెప్టెంబరు 22న, ఎమ్డెన్ అనే జర్మను క్రూయిజరు మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను కాల్చినప్పుడు ఇదేవిధంగా నగరం ఖాళీ అయినది. ఆ ఎమ్డెన్‌ను నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద నాశనం చేసినది ఆస్ట్రేలియా నౌక సిడ్నీ. కాని 1942 ఏప్రిల్‌లో తీరానికి అండగా ఎవరూ రాలేదు. నిజాం సోదర నౌకలు నేపియర్, నెస్టర్, నార్మన్ సోమర్‌విల్ దళంలోనే ఉన్నవి. దళమే దూరంగా ఉండవలసి వచ్చినది. హైదరాబాదు ధనం అందిన నౌకాదళం, నిజాముల పూర్వపు ఉత్తర సర్కారుల తీరాన్ని కాపాడలేకపోయినది.

మాల్టా దారిలో

1942 జూన్‌లో నిజాం, దాని మూడు సోదర నౌకలు తాత్కాలికంగా మధ్యధరాకు తిరిగి వచ్చి మాల్టా ద్వీపానికి సరుకులు చేర్చే 'విగరస్' ప్రయత్నంలో పాల్గొన్నవి. ఇందులో సెంచూరియన్ అనే పాత బాటిల్‌షిప్పును చెక్క ఫిరంగులతో కొత్త నౌకలాగ అలంకరించి శత్రువును భ్రమింపజేయడానికి వెంట తీసుకొనిపోయినారు. సరుకు నౌకలు పదకొండింటిలో ఒక్కటి కూడ మాల్టా చేరలేదు. నెస్టర్ బాంబు దెబ్బకు కదలలేక, చివరకు తనవారి చేతనే ముంచబడినది.

ఆ పిమ్మట నిజాం రెండేళ్ళకు పైగా హిందూ మహాసముద్రంలో కాన్వాయ్ కాపలా పనిలో గడిపినది. మడగాస్కర్‌లో 1942 సెప్టెంబరులో జరిగిన చర్యలలో కూడ ఉన్నది. చరిత్ర పుస్తకాలకు ఎక్కని పని ఇది. కాని చమురు, ధాన్యం, సైనికులు చేరినది ఇటువంటి కాపలా వలననే.

ల్యూవిన్ అగ్రం వద్ద

1945 ఫిబ్రవరిలో మెల్బోర్న్‌లో మరమ్మతులు ముగించుకొని పడమటి తీరంలోని ఫ్రీమాంటిల్‌కు బయలుదేరిన నిజాంను, ఆస్ట్రేలియా నైరుతి కొస అయిన ల్యూవిన్ అగ్రం సమీపంలో రాత్రివేళ ఒక అసాధారణమైన పెద్ద అల కొట్టినది. నౌక దాదాపు పూర్తిగా ప్రక్కకు ఒరిగి, తిరిగి నిలచినది. పదిమంది నావికులు సముద్రంలో కొట్టుకొనిపోయినారు. క్రీటు, టోబ్రుక్, మాల్టాలలో విమానాల క్రింద తప్పించుకొన్న నౌకకు, శత్రువు లేని స్వదేశ జలాలలో ఈ నష్టం జరిగినది.

పసిఫిక్, టోక్యో

తరువాత నిజాం బ్రిటిష్ పసిఫిక్ ఫ్లీట్‌లో చేరి ఒకినావా యుద్ధంలోను, జపాను ప్రధాన దీవులపై జరిగిన దాడులలోను నౌకాదళ రక్షణకు పనిచేసినది. ఒకినావా సమయంలోనే, ఏప్రిల్ 7న, ప్రపంచంలోనే అతిపెద్ద బాటిల్‌షిప్పు అయిన జపాను నౌక యమాతోను అమెరికా విమానాలు ముంచినవి. దాని 46 సెంటీమీటర్ల ఫిరంగులు ఆనాడు ఏ శత్రు నౌకనూ చూడలేదు. జూలై చివర బ్రిటిషు బాటిల్‌షిప్పు కింగ్ జార్జ్ ది ఫిఫ్త్ జపానులోని హమమత్సు పట్టణంపై కాల్పులు జరిపినది. బ్రిటిషు బాటిల్‌షిప్పు ఫిరంగులు యుద్ధంలో ప్రేలడం అదే చివరిసారి.

సెప్టెంబరు 2న అమెరికా బాటిల్‌షిప్పు మిస్సోరీ మీద జపాను ప్రతినిధులు సంతకం చేసినారు. బ్రిటన్ తరపున అడ్మిరల్ బ్రూస్ ఫ్రేజర్, ఆస్ట్రేలియా తరపున జనరల్ థామస్ బ్లేమీ సంతకం చేసినారు. ఆరోజు టోక్యో అఖాతంలో నిలచిన మిత్రరాజ్యాల నౌకలలో నిజాం, నేపియర్ ఉన్నవి. క్లైడ్‌బ్యాంకులోనే తయారైన బాటిల్‌షిప్పు డ్యూక్ ఆఫ్ యార్క్ కూడ ఉన్నది. యుద్ధంలో గెలుపునకు బాటిల్‌షిప్పు అవసరం తగ్గిపోయినా, ఉత్సవానికి మాత్రం దానినే వేదికగా ఎంచుకొన్నారు.

నౌక చివరి దశ

1945 అక్టోబరు 17న ఆస్ట్రేలియా నిజాంను రాయల్ నేవీకి అప్పగించినది. పనిలేక పదేళ్ళు పడి ఉన్న ఈ నౌకను 1955లో అమ్మివేయగా ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున గ్రేస్ అనేచోట విడదీసి తుక్కు చేసినారు. అప్పటికి ఏడేళ్ళ క్రితమే, 1948 సెప్టెంబరులో, భారత సైన్యం ఐదు రోజుల చర్యతో హైదరాబాదు భారత యూనియన్‌లో కలసినది. నౌక తుక్కయిన మరుసటి సంవత్సరం హైదరాబాదు రాష్ట్రం కూడ లేకుండపోయి, తెలుగు జిల్లాలు 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి.

రెండవ ప్రపంచ యుద్ధంలో తెలుగు పేర్లు ధరించిన నౌకలు మరి రెండు ఉన్నవి. రాయల్ ఇండియన్ నేవీకి చెందిన గోదావరి, కిస్ట్నా అనే స్లూపులు 1943లో సేవలో చేరినవి. దేశ విభజనలో గోదావరి పాకిస్తాను వాటాకు పోయి సింద్ అని పేరు మార్చుకొన్నది. కృష్ణానది పేరుగల కిస్ట్నా భారత నౌకాదళంలో చాలాకాలం కొనసాగినది.

తరువాతి కాలం

నిజాం తయారైన రేవులోనే 1942లో జలప్రవేశం చేసిన రాథర్‌హామ్ అనే డిస్ట్రాయరును 1949లో భారతదేశం తీసుకొని ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అని పేరు పెట్టినది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖపట్నం రేవు ముందు పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వలన మునిగినదని భారత నౌకాదళం ప్రకటించగా, లోపలి ప్రేలుడు వలననో, తాను అమర్చిన మైన్ల వలననో మునిగినదని పాకిస్తాను వాదన. ఘాజీ విక్రాంత్ అనే విమానవాహక నౌకను వెదుకుతూ వచ్చినది. అప్పటికి సముద్రయుద్ధంలో బాటిల్‌షిప్పుకు బదులు జలాంతర్గామి, విమానవాహక నౌక ఎదురుబొదురుగా నిలచినవి. చిన్న డిస్ట్రాయరు మాత్రం తన పాత పనిలోనే ఉన్నది.

జలాంతర్గాముల కారణంగానే నౌకాదళం పేరు చేవెళ్ళ ప్రాంతానికి మరొకసారి వచ్చినది. హైదరాబాదు నుండి మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా పడమటకు సాగే రహదారిలో చేవెళ్ళ దాటిన తరువాత వికారాబాదు జిల్లా పూడూరు మండలం వస్తుంది. ఇక్కడి దామగుండం అడవిలో నీటిలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేసినారు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో ప్రవేశించలేవు. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు కొన్ని మీటర్ల లోతుకు వెళ్ళగలవు. వాటి తరంగదైర్ఘ్యం పది కిలోమీటర్లకు పైబడినది గనుక ఏరియల్‌కు విశాలమైన స్థలం కావాలి. అందుచేతనే సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని కేంద్రానికి సుమారు 2,900 ఎకరాల అడవి కేటాయింపబడినది. ఇటువంటి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునల్వేలి వద్ద 1990 నుండి పనిచేస్తున్నది. దేశరక్షణకు ఇది అవసరమని ప్రభుత్వం, చెట్లు పోయి మూసీ నదీమూలాలకు నష్టం కలుగుతుందని పర్యావరణవాదులు, స్థానికులు వాదించినారు. వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నీరే దిగువన ఉస్మాన్ సాగర్‌కు చేరుతున్నది.